జోడు జాడీలు

అద్దంకి దగ్గర వైద్యం చేసే బసవలింగం గారిని ప్రశ్న అడిగినవాడు ముందు ఏదో ఒక పనికి సిద్ధపడి ఉండాలి. నోటితో జవాబు చెప్పడం ఆయనకు అలవాటు లేదు. లంఖణం ఎంతవరకు మంచిదని అడిగిన ఒక శిష్యుణ్ణి, “ఇక చాలండి” అని వాడే అనేదాకా ఆయన భోజనానికి పిలవలేదు.

ఆయన పాత శిష్యుడు నాగభూషణానికి ఈ సంగతి బాగా తెలుసు. తెలిసి కూడా తొమ్మిదేళ్ల తరువాత వచ్చి, వాకిట్లో నిలబడి అడిగాడు. “అయ్యగారూ, నేను వదిలేసిన విద్య ఇంకా పనికొస్తుందా?”

అతను వదిలేసిన తీరు ఊరందరికీ తెలుసు. గురువు ఊళ్ళో లేనప్పుడు ఒక రోగికి అడగకుండా మందిచ్చాడు. రోగికి ఏమీ కాలేదు. అయినా బసవలింగం గారు పదిమంది ముందూ “నీ చేతికి వైద్యం రాదు, పో” అన్నారు. పౌరుషం కలవాడు, ఆ సాయంత్రమే పోయి పొగాకు ఆరబెట్టే బ్యారన్‌లో కూలికి కుదిరాడు. ఇప్పుడక్కడి జనం, వీడు ఒకప్పుడు వైద్యుడి దగ్గర ఉన్నవాడని తెలిసి, పిల్లల్ని ఎత్తుకుని గుమ్మంలోకి వస్తున్నారు. మందివ్వాలంటే భయం, పొమ్మనాలంటే మనసు రాదు. గురువు సరేనంటే ఇస్తాడు, కాదంటే ఇక జన్మలో మందు ముట్టడు. అది తేల్చుకుందామనే వచ్చాడు.

బసవలింగం గారు అతన్ని కూర్చోమనలేదు, పొమ్మనలేదు. “ఊకగుంటలో నీ జాడీ ఉండాలి. తీసుకురా” అన్నారు.

ఆ ఇంట్లో ఒక ఆచారం ఉంది. కొత్త శిష్యుడు చేరితే, గురువూ శిష్యుడూ ఒకే తేనె, అది పులియడానికి ఒకే ధాతకీపూలు పంచుకుని చెరొక జాడీలో మధ్వాసవం వేస్తారు. తేనె పులిసి మందయ్యేదాకా మూతికి గుడ్డ కట్టి, మట్టి మెత్తి, వడ్ల ఊకలో పాతిపెడతారు. తరువాత తీసి రెండూ పోల్చి చూస్తారు. నాగభూషణం తన జాడీని పోల్చే రోజు రాకముందే వెళ్ళిపోయాడు. అలాంటిదొకటి ఉందన్న మాట కూడా మరిచిపోయాడు.

చేతులు మోచేతుల దాకా ఊకలో పెట్టి వెతికితే రెండు జాడీలూ దొరికాయి. తన జాడీకి తాను వేసిన ముడి, తాను మెత్తిన మట్టి అలాగే ఉన్నాయి. పక్కదానికి మాత్రం మట్టి కొత్తగా ఉంది.

“ఇన్నేళ్లయింది కదండీ, పాడైపోయి ఉంటుంది. పారబోసి జాడీ కడుగుతాను” అన్నాడు.

“జాడీని అడుగు. ఏళ్లను అడిగితే ఏం చెబుతాయి?”

నాగభూషణం మట్టి కొట్టి గుడ్డ విప్పాడు. ముందు చూశాడు: బూజు లేదు, మడ్డి అడుగున పేరుకుని పైన తేటగా ఉంది. తరువాత వాసన చూశాడు. చివరికి ఒక్క చుక్క నాలుక మీద వేసుకున్నాడు. కొంచెం ఘాటు, దాని వెనకే తేనె. బసవలింగం గారు కూడా ఒక చుక్క వేసుకుని తల ఊపారు.

“ఇప్పుడు నాది తియ్యి.”

అది తీయగానే ముక్కుపుటాలు అదిరాయి. పైన తెల్లటి పొర తేలుతోంది. రుచి చూడక్కరలేదు, పచ్చి పులుపు. నాగభూషణానికి అర్థం కాలేదు. అదే తేనె, అదే రోజు, అదే ఊక. పైగా ఆయన చెయ్యి తిరిగిన చెయ్యి.

గుమ్మంలో నిలబడి చూస్తున్న ఆయన భార్య గౌరమ్మ గారు ఇక ఆగలేకపోయారు. “చెడక ఏం చేస్తుంది నాయనా? ఏటా నువ్వు వెళ్ళిపోయిన రోజు వచ్చినప్పుడల్లా మీ అయ్యగారు ఆ జాడీ బయటికి తీస్తారు. ఓ గుక్క తాగి, నీ మీద నాలుగు మాటలు అని, మళ్ళీ కడతారు. గాలి తగిలితే చెడుతుందని ఊళ్ళో అందరికీ చెప్పేదీ ఈయనే.”

నాగభూషణానికి తొమ్మిదేళ్ల కోపం ఏమైందో తెలియలేదు. ఆ ముసలాయన్ని చూస్తే జాలి వేసింది. చెడిన జాడీకి మళ్ళీ గుడ్డ కట్టబోయాడు. గురువు చెయ్యి అడ్డం పెట్టారు.

“దాన్ని అట్లా ఉంచు. నీది కట్టుకుని మీ ఊరికి పట్టుకుపో, వచ్చినవాళ్ళకి ఇయ్యి” అన్నారు. తరువాత తన జాడీలోకి చూస్తూ అన్నారు.

“తేనెది తప్పేం లేదు, నాయనా.”