నక్క పెట్టిన పొగ

రెండు మెట్టల నడుమ ఒక మడుగు. ఆ చుట్టుపక్కల జీవాలన్నిటికీ అదొక్కటే దిక్కు. ఆ ఏడు మృగశిర కార్తె వచ్చింది, పోయింది, చినుకు మాత్రం రాలలేదు. మడుగు ఎండి ఎండి నడుమ ఓ బురదగుంట మిగిలింది. నల్లమ్మ అనే గేదె అప్పుడే ఈనింది. నీళ్లు లేక తల్లి పొదుగు ఎండిపోతోంది, దూడ కాళ్లు తడబడుతున్నాయి. ఇలాంటి వేళ నోరున్నవాడిదే రాజ్యం. నోరంటే ఇంకెవరిది, గుంటనక్కదే!

“దిగులెందుకు వదినా?” అంటూ వచ్చింది నక్క. “మబ్బెలా పుడుతుందో తెలుసా? గాల్లో నలుసుండాలి. నలుసు చుట్టూ తేమ చేరితేనే మబ్బు. ఆ నలుసులు మనమే పుట్టిద్దాం. పొగ పెడదాం!”

“నిజమేనంటావా?” అంది అడవిపంది.

“పోయినేడు బొగ్గుల బట్టీ పక్కన వాన ముందు పడిందా లేదా?”

పడింది మరి. అందరూ తలూపారు. పచ్చి అబద్ధమైతే ఎవరో ఒకరు పట్టుకునేవారే. సగం నిజం, అదీ వచ్చిన చిక్కు.

నక్క బట్టీ నుంచి కొరివి తెచ్చింది. మెట్ట మీద గొయ్యి తవ్వి నిప్పేశారు. రోజూ ఇంటికో మోపు ఎండుటాకులు తేవాలి. వంతు తప్పితే మడుగులో మూతి పెట్టకూడదని కట్టడి. నక్క మాత్రం “నేను మబ్బులకు కాపలా కదా” అని తన వంతు ఎగ్గొట్టింది.

మబ్బొచ్చింది! ఆకాశమంతా తెల్లగా పరుచుకుంది. సూర్యుడు మసకబారి ఎండ కూడా తగ్గింది. “చూశారా నా తెలివి!” అంది నక్క. చూశారు. కానీ ఆ మబ్బు వేలాడి వేలాడి ఎటో పోయింది, ఒక్క చుక్క రాల్చలేదు.

“పొగ చాల్లేదు,” అంది నక్క. మోపు రెండు మోపులైంది. మళ్లీ మబ్బొచ్చింది, మళ్లీ ఉత్తదే. రెండు మూడయ్యాయి. అందరి కళ్లూ మండుతున్నాయి, గొంతులు పిడచగట్టుకుపోతున్నాయి. నల్లమ్మ దూడ పడుకున్న చోటినుంచి లేవడం మానేసింది.

ఆ సాయంత్రం వానకోయిల దగ్గుకుంటూ వచ్చి మెట్ట మీద వాలింది. మబ్బుల దాకా ఎగిరే పిట్ట అక్కడ అదొక్కటే.

“ఆపండర్రా మీ పొగ! మబ్బు లోపలికెళ్లి చూసొచ్చా. నీళ్లు లేక కాదు, చినుకు కట్టక పడట్లేదు.”

“ఎందుకు కట్టదు?” అంది నల్లమ్మ.

“కట్టనిస్తేగా! ప్రతి పొగనలుసూ తన వాటా తేమ లాక్కుంటోంది. నలుసులు కాసిని ఉంటే ఒక్కోదానికి బోలెడు నీరు చేరి, బరువెక్కి, చినుకై రాలుతుంది. లెక్కలేనన్ని ఉంటే అన్నీ మంచుతుంపరంతే. పైన తేలుతూ పోతాయి.”

నల్లమ్మకు ఇట్టే అర్థమైంది. “కుండెడు అంబలి ఊరంతటికీ పంచినట్టు. అందరి మూతీ తడుస్తుంది, ఎవరి కడుపూ నిండదు.”

నక్క ఎగిరిపడింది. “నలుసు లేనిదే చినుకు లేదని ఈ పిట్టే ఒప్పుకుందిగా!”

“ఒప్పుకున్నా. ఉప్పు లేనిదే కూరా లేదు. అలాగని గంపెడు పోస్తావా?” అంది వానకోయిల.

అడవిపంది గబగబా నిప్పు మీదికి ఎండుమన్ను తోసింది. నిప్పు లోలోపల కుమిలి ఇంకా దట్టంగా పొగ కక్కింది. ఇక దాన్ని ఆర్పేది తడి ఒక్కటే. తడి ఉన్నది బురదగుంటలోనే.

నల్లమ్మ గుంటకేసి నడిచింది. నక్క పరుగున అడ్డమొచ్చింది. “అదే చివరి తడి వదినా! నీ చేత్తో నీ బిడ్డ నోట్లో మన్ను కొడతావా?”

నల్లమ్మ ఆగింది. దూడ వైపు చూసింది. అంతలో గాలి తిరిగి నక్క ఒంటి మీది నీచు వాసన ముక్కుకు తగిలింది.

“మరిదీ, మేమంతా ఎముకల గూళ్లమైతే నువ్వెలా బలిశావు? నీ మీసాలకు ఆ చేపపొలుసులేమిటి?”

నక్క నాలుకతో గబుక్కున మూతి తుడుచుకుంది. అదే దాని కొంప ముంచింది.

“ఓరి నీ ఇల్లు బంగారంగానూ!” అని అరిచింది అడవిపంది. “మడుగు ఎండితే చేపలు నీ నోటికాడికొస్తాయనా ఇదంతా!”

నక్క తోక ముడిచి, మడుగు గట్టు కింద తవ్వుకున్న బొరియలోకి దూరింది. నల్లమ్మ బురదలో పొర్లింది. ఒళ్లంతా బురద మోసుకుంటూ మెట్టెక్కి, నిప్పు మీద దులిపింది. మళ్లీ దిగింది, మళ్లీ ఎక్కింది. చివరికి పొగ చచ్చింది. గుంటలో చెంచాడు తడి కూడా మిగల్లేదు.

తెల్లారింది. గాలి పొగను ఊడ్చుకుపోయింది. ఎండ నిప్పులు చెరిగింది. మధ్యాహ్నమైనా మబ్బు జాడ లేదు. దూడ ఊపిరి అందీ అందకుండా ఉంది.

“ఉన్న తడీ పోగొట్టావు కదమ్మా,” అంది అడవిపంది, ఏడుపు గొంతుతో.

నల్లమ్మ దూడను నాకుతూనే ఉంది. నాలుక కూడా ఎండిపోయింది.

పొద్దు వాలేవేళ పడమటినుంచి మబ్బు లేచింది. ఈసారి తెల్లగా కాదు, కాటుకలా వచ్చింది. టప్పుమని ఒక్క చినుకు దూడ ముక్కు మీద పడింది. దూడ నాలుక బయట పెట్టింది. ఆ వెనకే కుండపోత.

చూస్తుండగానే మడుగు నిండింది. గట్టు కింది బొరియ కూడా నిండింది. నక్క ఉక్కిరిబిక్కిరై బయటపడి, మెట్టెక్కి, పళ్లు టకటకలాడిస్తూ నిలబడింది.

“వదినా... చలికి చచ్చేలా ఉన్నా. కాస్త నిప్పుంటే...”

దూడకు పాలిస్తున్న నల్లమ్మ తలైనా తిప్పలేదు. “నిప్పెక్కడిది మరిదీ? నీ వంతు ఆకులు నువ్వెప్పుడు తెచ్చావని!”

నీతి: సగం నిజాన్ని నమ్మడమంటే కొరివితో తల గోక్కోవడమే.