గాలికి వంగని దీపస్తంభం

గవరయ్య, పోలయ్య అన్నదమ్ములు. ఇద్దరికీ కలిపి వెల్డింగు షెడ్డు ఒకటీ, విడివిడిగా బోలెడంత తెలివీ ఉన్నాయని వాళ్ళ నమ్మకం. షెడ్డు సంగతి నిజమే. ఎవరేం చెప్పినా పొల్లుపోకుండా చేస్తామని ఊరంతా గొప్పలు చెప్పుకునేవాళ్ళు.

వాళ్ళ వీధిలో దీపం లేదు. వాళ్ళమ్మ పైడమ్మ చీకట్లో కాలవలో పడి కాలు బెణికించుకుంది. పాపం, అప్పట్నుంచి పొద్దుగూకితే గడప దాటడం మానేసింది. అమ్మ కోసం అన్నదమ్ములు పల్చటి రేకు చుట్టి ఇంత లావు స్తంభం చేశారు. పంచాయతీ ఇంజనీరు సుభాషిణిగారు వచ్చి వేలితో తడితే అది ఖాళీ డబ్బాలా మోగింది.

"గొట్టం వెడల్పు మరీ ఎక్కువ, రేకు మరీ పల్చన. గాలి కొడితే అడుగున సొట్టపడి కూలిపోతుంది. మందమైనా పెంచండి, వెడల్పైనా తగ్గించండి" అన్నారావిడ.

అంతే. గవరయ్య ఇంట్లో చీరలూ బొంతలూ తెచ్చి స్తంభానికి చుట్టేశాడు. మందం జానెడు పెరిగింది. కొలిచి చూస్తే వెడల్పూ పెరిగింది. దీనికి మాట వినే బుద్ధి లేదని పోలయ్య విసుక్కుని, అన్నీ విప్పేసి, సమ్మెటతో వెడల్పు తగ్గించడం మొదలెట్టాడు. మధ్యాహ్నానికి స్తంభం అప్పడమైంది. ఎదురుగా నిలబడ్డ గవరయ్య, వెడల్పు ఇంకా పెరిగిందేమిట్రా అన్నాడు. అక్కణ్ణుంచి చూడకు, పక్కకి రమ్మన్నాడు పోలయ్య. పక్కనుంచి చూస్తే రెండు వేళ్ళే. గవరయ్య తమ్ముణ్ణి తెగ మెచ్చుకున్నాడు.

నిలబెట్టారు. ఇంకేముంది, చిరుగాలికే అది వంగి, దీపం వెళ్ళి గేదె కుడితి తొట్టిలో మునిగింది. సుభాషిణిగారు తల పట్టుకుని, గాలి తగలని చోటెక్కడైనా ఉంటే తప్ప ఇది నిలవదు, మందం రేకుతో కొత్తది చేయండని చెప్పి వెళ్ళిపోయారు.

మొదటి మాట విన్నాక రెండోది వినాల్సిన అవసరం వాళ్ళకి కనపడలేదు. స్తంభం పొడవంత గొయ్యి తవ్వి నిలువునా దించేశారు. కొసన దీపం పెట్టారు. వానకి తడవకుండా పైన బెత్తెడెత్తు ఇనప మూత బిగించారు. ఆ వారమే గాలివాన వచ్చింది. చెట్లు కూలాయి, స్తంభం కదల్లేదు. అన్నదమ్ములు మీసాలు దువ్వుకున్నారు. వీధికి దీపం వచ్చిందని పైడమ్మ సంబరంగా బయటికొచ్చింది.

మర్నాడు గవరయ్య కళ్ళు తుడుచుకుంటూ ఇంజనీరు దగ్గరికెళ్ళాడు.

"అమ్మగారూ, తంభం మా గట్టిగుంది. సీకట్లో అది కనపడక మాయమ్మ తన్నుకుని పడిపోనాది. దాని పక్కన ఓ దీపం ఏయించండి."