సుద్దమెట్ట కేకలమ్మ వెలసిన వైనం

సుద్దమెట్ట చిన్న ఊరు. రైలు దిగిన యాత్రికులకు ముందుగా కనిపించేవి వేరుశనగ గిడ్డంగుల రేకు కప్పులు, ఒక నీళ్ల ట్యాంకు, మూతపడిన పత్తి మిల్లు. అంతటితో ఊరు అయిపోతుంది. అక్కడి నుండి ఆకాశం అంచు దాకా గడ్డి బీడే. నీడనిచ్చే చెట్టు లేదు. గాలికి గడ్డి వంగుతుంది, లేస్తుంది. ఎక్కడో దూరాన ఒక గొర్రెల మంద మెదిలితే అదే ఆ పూటకు విశేషం. కాలిబాటన చాలాసేపు నడిచాక బీడు నడుమ కేకలమ్మ కొలువు వస్తుంది. కప్పు లేదు, ప్రాకారం లేదు. నడుమెత్తు నల్లరాయి, దాని చుట్టూ ఎండాకాలంలోనూ వాడని గడ్డి.

పూర్వం ఇక్కడ గొర్రెలు కాసుకునే కెంచమ్మ అనే కురుబ స్త్రీ గుడిసె వేసుకుని ఒంటరిగా ఉండేది. భర్త పోయాడు, పిల్లలు లేరు. సంతకు తప్ప ఊళ్లోకి వచ్చేది కాదు. ఆమె గొర్రెలను గుర్తుపట్టేవారు కూడా ఆమె ముఖాన్ని గుర్తుపట్టేవారు కారు.

వానలకు ముందు ఎండుగడ్డిని తగులబెడితే కొత్త చిగురు బాగా వస్తుంది. నిప్పు పెట్టే ముందు ఊరి తలారి బీడు అంచున నిలబడి, లోపల ఎవరన్నా ఉన్నారా అని కేక వేయాలి. ఉన్నవారు బదులు పలికి బయటికి వచ్చాకే నిప్పు. ఇది పెద్దలు పెట్టిన కట్టడి.

ఒక ఏడు ఊరిపెద్ద ఓబుళరెడ్డి జనంతో బీడుకు వచ్చాడు. తలారి నరసన్న కేక వేయబోతే ఆపాడు.

“ఎవరికిరా కేక? బీట్లో ఉండేది కెంచమ్మ ఒక్కతే. ఆయమ్మ మంద నిన్ననే బొచ్చు కత్తిరింపుకు ఊళ్లోకి వచ్చింది. నా కండ్లతో చూసినా.”

“మందను చూసినారు సామీ. మనిషిని చూసినారా?”

“గొర్రెల్ని ఇడిచి ఆయమ్మ సొర్గానికి పిల్చినా పోదు. నీకు గొంతు దురదగా ఉంటే ఇంటికి పోయి పెండ్లాం మీద అరుచుకో. ఎండ ముదిరితే గాలి తిరుగుతాది. అంటించు.”

జనం నవ్వారు. నరసన్న తల వంచుకుని అంటించాడు.

నిజానికి మందను తోలుకువచ్చింది ఆమె మరిది. ఈనబోయే గొర్రె ఒకటి నడవలేకపోతే, దానికోసం కెంచమ్మ బీడులోనే ఉండిపోయింది. పొగ చూసి మరిది ఆ సంగతి చెప్పేసరికి మంటలు సగం బీడు దాటాయి. ఊరంతా పరుగెత్తి గొంతులు బొంగురుపోయేలా పిలిచింది. ఏళ్ల తరబడి ఆమెను పేరు పెట్టి పిలవనివారు ఆ రోజు పిలిచారు. బదులు రాలేదు.

మంట ఆరాక వెళ్లి చూస్తే, బూడిద నడుమ చాపంత మేర గడ్డి పచ్చగా మిగిలి ఉంది. అందులో తల్లి గొర్రె, తడి ఆరని పిల్ల. పక్కన అంతకుముందు ఎవరూ చూడని నల్లరాయి. దాని మీద కెంచమ్మ గొంగడి ఒక్క పోగైనా కమలకుండా ఉంది. ఆమె మాత్రం లేదు.

ఓబుళరెడ్డికి ఆమె కలలో కనిపించింది. గుడి కట్టిస్తానని అతడు కాళ్ల మీద పడ్డాడు.

“గోడలెందుకు రెడ్డీ? గోడల్లో నేను ఎప్పుడుండాను? ఉండానా అని ఒక్క మాట అడగలేకపోతిరి. ఇంకనన్నా అడగండి” అని చెప్పి వెళ్లిపోయింది.

నేటికీ గడ్డికి నిప్పు పెట్టే ముందు ఓబుళరెడ్డి వంశంలో పెద్దవాడే కేక వేయాలి. బీడులో ఎవరూ కాపురం ఉండక తరాలు గడిచాయి. అయినా అతడు కేక వేసి, బదులు కోసం చెవి ఒగ్గి నిలబడతాడు. గాలి తప్ప ఏమీ వినిపించదు. యాత్రికులు కూడా రాయిని తాకే ముందు బీడు వైపు తిరిగి ఎవరన్నా ఉన్నారా అని అడగాలి. జాడ తెలియనివారి కబురు అందుతుందని, ఒంటరివారికి తోడు దొరుకుతుందని భక్తుల నమ్మకం.

అయితే, ఇంట్లోగాని వీధిలోగాని తాము పలకరించడం మానేసిన మనిషి ఉంటే, ముందు ఆ గుమ్మం దగ్గర నిలబడి పిలిచి రావాలి. ఎక్కడో ఉండే ఉంటారులే అనుకుని ఊరుకోవడం చిన్న తప్పు కాదు. పిలవకుండా వచ్చినవారి కొబ్బరికాయను ఇక్కడి పూజారి తీసుకోడు. ఎంత దూరం నుండి వచ్చినా సరే, వెనక్కు పంపుతాడు.