భోజనశాలలో సన్నటి రాజు

ఒక రాజుకు తిండి మీద అదుపు లేదు. అంతవరకైతే అది వంటవాళ్ల గొడవ. కానీ ఆ దేశంలో ఒక కట్టుబాటు ఉంది. ఏటా పట్టాభిషేకం జరిగిన రోజున రాజు ఎవరి సాయమూ లేకుండా గుర్రమెక్కి కోట చుట్టి రావాలి. ఎక్కలేకపోతే కిరీటం బావమరిదికి పోతుంది. కిందటేడు రాజు ఎలాగో ఎక్కాడు. ఆ సాయంత్రం గుర్రం మేత ముట్టలేదు.

మంత్రి ఒక ఉపాయం చెప్పాడు. "ప్రభూ, సన్నబడ్డాక మీరెలా ఉంటారో బొమ్మ గీయించి భోజనశాలలో పెట్టిద్దాం. అది కళ్లెదుట ఉంటే చెయ్యి దానంతటదే ఆగుతుంది."

చిత్రకారుడు గీశాడు. సన్నటి నడుము, సూటి చూపు, గుర్రం మీద నిటారుగా రాజు. మొదటి పూట రాజు ఆ బొమ్మను చూసి, కొరికిన సున్నుండను తిరిగి పళ్లెంలో పెట్టేశాడు. అందరూ చప్పట్లు కొట్టారు. ఆ సంతోషంలో విందు చేసుకున్నారు.

రాణి ఒక్కతే ఊరుకోలేదు. "బొమ్మను చూసింది చాలు గానీ, ముందా పళ్లెం అవతలికి పంపండి."

"నన్ను పస్తులుపెట్టి చంపి, రాజ్యం నీ తమ్ముడికి కట్టబెడదామనా?" అన్నాడు రాజు. ఆమె లేచి అంతఃపురానికి వెళ్లిపోయింది.

వారం తిరక్కుండానే రాజుకు చిరాకేసింది. చిత్రకారుణ్ని పిలిపించాడు. "ఆ బొమ్మలోవాడు నన్నలా గుడ్లురిమి చూస్తుంటే ముద్ద దిగటం లేదయ్యా. కాస్త నవ్వించు." చిత్రకారుడు నవ్వించాడు. "బుగ్గలు పీక్కుపోయాయి. చూసినవాళ్లు మన దేశంలో కరువనుకుంటారు." బుగ్గలు నిండాయి. తర్వాత మెడ, ఆ తర్వాత నడుము. పాపం, బొమ్మలో గుర్రానికి కూడా కాళ్లు లావు చెయ్యాల్సి వచ్చింది.

ఒక మధ్యాహ్నం రాజు బొమ్మ పక్కన అద్దం పెట్టించి, రెంటినీ మార్చి మార్చి చూసుకున్నాడు. ఇసుమంత తేడా లేదు. "సాధించాను!" అన్నాడు. ఆయన కళ్లు చెమర్చాయి. మంత్రి కళ్లు కూడా సమయానికి చెమర్చాయి. చిత్రకారుడికి శాలువా కప్పారు.

పట్టాభిషేకం రోజు రానే వచ్చింది. కోట ముందు జనం కిక్కిరిశారు. రాజు ఒక కాలు రికాబులో పెట్టాడు. రెండోది నేల వదల్లేదు. రొప్పుతూ మళ్లీ మళ్లీ ఎగిరాడు. చివరికి గుర్రం కాస్త పక్కకు జరిగేసరికి దుమ్ములో కూలబడ్డాడు. ఎవరూ నవ్వలేదు. నవ్వు ఆపుకోవడంలో ఆ దేశపు జనం ఆరితేరిపోయారు.

బావమరిది పెద్ద మొనగాడేం కాదు. అయినా ఒక్క ఉదుటున ఎక్కి, కోట చుట్టి వచ్చాడు. కిరీటం అతని తలకు కాస్త వదులైంది. మొగుణ్ని చూసి రాణి ఏడ్చింది. ఆ ఏడుపు నిజమైనదే.

కిందపడ్డ రాజు లేవకుండానే అడిగాడు. "ఈ గుర్రానికి నా బొమ్మ చూపించారా?"

"లేదు ప్రభూ," అన్నాడు మంత్రి.

"అదీ సంగతి! చూపించకపోతే నేను సన్నబడ్డానని దానికెలా తెలుస్తుంది?"

నిజమే నిజమే అంటూ కొలువులో సగం మంది అలవాటు కొద్దీ తలూపారు. మిగతా సగం, కొత్త రాజుగారికి ఏ మిఠాయి ఇష్టమో కనుక్కోవడానికి అప్పటికే వెళ్లిపోయారు.