తలాడించిన మట్టిబొమ్మ

రాజులు మారినా దివాను మారని ఓ సంస్థానం. ఆ దివాను వీరమల్లప్పకు పేదవాళ్లతో నోరు విప్పి బేరమాడటం నామోషీ, అడిగినంత ఇవ్వడం ప్రాణసంకటం. అందుకని బేరమాడే మరబొమ్మను చేయించి సంతకు పంపేవాడు. అమ్మేవాళ్లు కాదంటే అది గడియసేపు వాదించి ఒక్క రూక పెంచేది. ఆకలికి ఆగలేక వాళ్లు మూడో గడియకే సరుకు ఇచ్చేసేవారు.

చాపలల్లే సుంకులమ్మ ఒక సంతనాడు తన చోట తలాడించే మట్టిబొమ్మను కూర్చోబెట్టి పక్కకు జరిగింది. మరబొమ్మ చాపకు ఒక రూక ఇస్తానంది. గాలికి మట్టిబొమ్మ తల అడ్డంగా ఊగింది. గడియ తర్వాత రెండంది. మళ్లీ అడ్డంగానే ఊగింది. మట్టిబొమ్మకు ఆకలెక్కడిది? పొద్దు వాలేసరికి ధర పాతికకెక్కింది.

సంగతి తెలిసి దివానే పరుగెత్తుకొచ్చాడు. "ఏమిటే ఈ మోసం?"

"మోసమేముంది దొరా? తమరు మనిషిని పంపలేదు, నేనూ మనిషిని పెట్టలేదు. పాతిక నాకొద్దు. చాప ఆరు రూకలే."

దివాను ఊపిరి పీల్చుకున్నాడు. పిసినారి బుద్ధి ఆపుకోలేక, సంతంతా వింటుండగా, "నాలుగుకివ్వు" అనేశాడు.

సుంకులమ్మ మట్టిబొమ్మ వైపు చూసింది. మట్టిబొమ్మ తల మెల్లగా అడ్డంగా ఊగింది. ఎవరూ నవ్వలేదు.

దివాను తల దించుకుని ఆరు రూకలూ ఆమె చేతిలో పెట్టాడు.