తోట తాళం

చర్చి వెనక సమాధుల తోటకి తాళం వేయించింది గిద్యోనే.

దేవవరం అయ్యగారి దగ్గర పాస్టరు పని నేర్చుకోవడానికి పోయిన వేసవిలో వచ్చాడతను. వచ్చీ రాగానే తోటలో చూసిందేమిటంటే, సమాధుల మీద పాత చీరలు పరిచి వడియాలు పెట్టుకుంటున్న ఆడవాళ్లని, వేపచెట్టు కింద తువ్వాలు పరుచుకుని గురక పెడుతున్న ముసలాళ్లని. ఒళ్లు మండిపోయింది. చనిపోయినవాళ్లంటే మరీ ఇంత లోకువా అనుకున్నాడు. వారం తిరక్కుండా గేటుకి అరచెయ్యంత తాళం పడింది. అయ్యగారు వద్దనలేదు. ఆయన ఎవర్నీ ఏదీ వద్దనే మనిషి కాదు, అదే ఆయనతో చిక్కు.

ఈస్టర్ నాడు తెల్లవారుజామున తోటంతా నడుస్తూ, రాళ్ల మీది పేర్లు చదివి ఒక్కొక్కరినీ పిలవడం ఆ పేట ఆచారం. ఈ ఏడు ఆ పని గిద్యోనుకి అప్పగించారు. ముందురోజు పొద్దున్నే గేటు తీసి తొంగిచూశాడు. నడుమెత్తు ఎండుగడ్డి. పైగా గోడ మీంచి ఎవరో కొబ్బరిపీచు లోపలికి విసిరారు. తాళం వేశాక అతను అటు వచ్చిందే లేదు. రావలసిన పనేముంది, తాళం ఉందిగా.

నేరుగా అయ్యగారి దగ్గరికి వెళ్లి, గడ్డి కోయడానికి కూలీలు కావాలన్నాడు. గోడ మీద గాజుపెంకులు కూడా పెట్టించాలన్నాడు.

“చనిపోయినవాళ్లని గౌరవించడం వీళ్లకి ఎలా నేర్పాలి అయ్యగారూ?”

అయ్యగారు మజ్జిగ తాగడం పూర్తిచేసి చెప్పులు వేసుకున్నారు. తాళంచెవి తెమ్మన్నారు.

దారిలో, తాళం పడక ముందు తోటలో వడియాలు పెట్టుకునే రాహేలమ్మ ఇంటి ముందు ఆగారు. ఆవిడ ఇరుకు వాకిట్లో నులక మంచం మీద వడియాలు పెట్టుకుంటూ, మేకల్ని అదిలిస్తోంది. గిన్నెడు పిండీ పాతగుడ్డా ఇమ్మన్నారు అయ్యగారు. గిద్యోను వైపు చూడకుండానే ఇచ్చింది.

“తోటలోకైతే నన్ను రమ్మనకండి అయ్యగారూ. మా కాళ్లు పడితే చిన్నయ్యగారికి మైల.”

అయ్యగారు తోటలో గడ్డి తొక్కుకుంటూ వెళ్లి, ఒక సమాధి దగ్గర నిలబడి గిన్నె గిద్యోను చేతికిచ్చారు.

“వడియాలు పెట్టు.”

ఎగతాళి అనుకున్నాడు. ఆయన మొహంలో నవ్వు లేదు. చేసేది లేక గుడ్డ పరచబోయి ఆగిపోయాడు. రాతి మీద పిట్టల రెట్టలు, కుళ్లిన వేపపళ్లు, అట్టకట్టిన నల్లటి పాకుడు.

“తినేవి కదయ్యగారూ. దీని మీద ఎలా పెడతాం?”

“నిజమే” అని ఆయన వేపచెట్టు కింద కూర్చున్నారు.

గిద్యోను గిన్నె పక్కన పెట్టి, కుళాయి దగ్గర బకెట్ నింపుకొచ్చాడు. గోడ మీంచి పడ్డ కొబ్బరిపీచే తీసుకుని రుద్దడం మొదలుపెట్టాడు. నీళ్లు నల్లగా పారాయి. మళ్లీ తెచ్చి మళ్లీ రుద్దాడు. పాకుడు ఊడేకొద్దీ అక్షరాలు బయటికొచ్చాయి. ‘మంత్రసాని మార్తమ్మ. ఈ పేట బిడ్డల్ని తన చేతుల్లోకి అందుకున్నది.’

పక్క సమాధి వైపు చూశాడు. నలుపు. దాని పక్కది. అదీ నలుపే. తెల్లవారితే జనం వచ్చి నిలబడతారు. ఎవరిని పిలవాలో అతనికి తెలియదు.

లేచి గేటు దగ్గరికి వెళ్లాడు. తాళం ఊడదీసి జేబులో వేసుకున్నాడు. రాహేలమ్మ ఇంటివైపు అడుగు వేయబోయి వెనక్కి తిరిగాడు.

“ఆవిడ ఏ సమాధి మీద పెట్టుకునేవారు అయ్యగారూ?”

“ఏమో నాయనా” అన్నారాయన. “నేను వచ్చినప్పుడల్లా అన్నీ కడిగే ఉండేవి.”