దుప్పి కొమ్ముల దొంగ

నల్లమానుదుర్గం రాజు మాధవభూపతికి ఒకనాడు పొద్దున్నే సభామంటపం గోడ మీద కోపం వచ్చింది.

ఆ గోడకి వేటలో చంపిన దుప్పుల కొమ్ములు వరసగా తగిలించి ఉంటాయి. ముత్తాతగారు కొట్టిన దుప్పి కొమ్ములు బారెడు. తాతగారివి మూరెడు. తండ్రిగారివి జానెడు. రాజుగారివి బెత్తెడు. ఒక్కో జత కింద కొట్టినవారి పేరు చెక్కిన వెండి పలక.

ముందురోజు విందుకొచ్చిన పొరుగు రాజు ఆ చివరి జత ముందు ఆగి, "మీరు మేకల్ని కూడా వేటాడతారా బావగారూ?" అని ఆప్యాయంగా అడిగి పోయాడు. రాజుగారికి రాత్రంతా నిద్ర లేదు.

"ప్రతి ఏడూ మందలో అన్నిటికన్నా పెద్ద కొమ్ముల దుప్పినే కొడుతున్నాను. మా వంశాచారం అది. మరి నా అడవిలో పెద్ద కొమ్ములు ఏమైపోయాయి? దొంగ ఎవడో తేల్చండి!"

ఆస్థాన పండితుడు ఏకాంబర దీక్షితులకి ప్రశ్న పూర్తిగా వినే అలవాటు లేదు. జవాబు ఎప్పుడూ ఆయన నాలిక చివరే ఉంటుంది.

"ఇంకెవరు ప్రభూ? అడవి కాపలా లింగడు. పెద్దవాటిని పొరుగువాళ్ళకి తోలేసి ఉంటాడు."

లింగణ్ణి సంకెళ్ళతో ఈడ్చుకొచ్చారు. తెల్లారేలోగా పెళ్ళాంబిడ్డలతో పొలిమేర దాటాలని తీర్పు. "నాకేం తెలవదు దొరా" అని వాడు నేల మీద పడి ఏడ్చాడు.

కోట బడి పంతులు బయ్యన్న అది చూడలేకపోయాడు. బయ్యన్నది విడ్డూరమైన చదువు. పిల్లలేదైనా అడిగితే జవాబు చెప్పడు. "నీకేమనిపిస్తోంది? అది నిజమో కాదో ఎలా తేలుస్తావ్?" అని ఎదురడుగుతాడు. ఈయనకి ఏమీ రాదని సగం ఊరు నమ్ముతుంది. ఆ బడికి పాము కుబుసాలు, పిట్ట ఈకలు, ఖాళీ గుడ్డుపెంకులు తెచ్చిచ్చేది ఈ లింగడే.

"ప్రభూ, దుప్పుల్ని ఎవరూ తోలుకుపోలేదు. తరతరానికీ దుప్పులే మారుతూ వచ్చాయి" అన్నాడు బయ్యన్న.

దీక్షితులు పొట్ట పట్టుకుని నవ్వాడు. "దుప్పి అంటే దుప్పే! నిన్న ఎలా ఉందో రేపూ అలాగే ఉంటుంది. దీనికి పరీక్ష ఎందుకు, నేను చెప్తున్నానుగా!"

"చూపించగలవా?" అన్నాడు రాజు బయ్యన్నతో. "చూపించలేకపోతే లింగడి మూట నువ్వే మోసుకుని వాడి వెంట నడవాలి."

"చూపిస్తాను. వంటవాణ్ణీ, సున్నుండల పిండినీ, నేతి గిన్నెనీ ఇక్కడికి రప్పించండి."

సభలో చాలామంది ముఖాలు వికసించాయి.

వంటవాడు వచ్చి రెండు పళ్ళేల నిండా సున్నుండలు చుట్టాడు. ఒక్కోదాంట్లో నిమ్మకాయంతవి, ఉసిరికాయంతవి, రేగుపండంతవి కలగలిపి ఉన్నాయి.

"ఇవి రెండు మందలు" అన్నాడు బయ్యన్న. "ఒక్కో విడతకి మందలో సగం వేట. మిగిలినవే పిల్లల్ని పెడతాయి. అంటే మిగిలిన ప్రతి ఉండకీ పక్కన అంతే సైజు ఉండ ఒకటి మా వంటాయన చుడతాడు. దీక్షితులవారు తమ పళ్ళెంలో నచ్చినవి ఏరుకోవచ్చు. ప్రభువులు మాత్రం కళ్ళకి గంత కట్టుకుని, చేతికి ఏది తగిలితే అది తీయాలి."

రాజుగారి కళ్ళకి గంత అనగానే సేనాపతి కత్తి మీద చెయ్యి వేశాడు. రాజుగారు మాత్రం సరదాపడి తలపాగా సవరించుకున్నారు.

వేట మొదలైంది. రాజుగారు తడుముకుంటూ తీసినవన్నీ సభకి పంచారు. దీక్షితులు నిమ్మకాయల మీద పడ్డాడు. నోట్లో పట్టినన్ని తిని, మిగతావి పైపంచెలో మూటగట్టాడు. రెండో విడతకి ఉసిరికాయలకి దిగాడు. మూడో విడతకి పళ్ళెంలోకి తొంగిచూసి కెవ్వుమన్నాడు.

"మోసం ప్రభూ! అన్నీ రేగుపళ్ళే! పెద్దవాటిని ఈ వంటవాడు కాజేశాడు!"

వంటవాడు బిక్కచచ్చిపోయాడు. బయ్యన్న రాజుగారి గంత విప్పి, ఆయన పళ్ళెం ముందుకు జరిపాడు. అందులో నిమ్మకాయలూ ఉన్నాయి, ఉసిరికాయలూ ఉన్నాయి, రేగుపళ్ళూ ఉన్నాయి.

"ఒకే వంటవాడు, ఒకే పిండి. దొంగే అయితే ప్రభువుల పళ్ళెం ఎందుకు వదిలేశాడండీ?"

"ఆ మాత్రం తెలీదా నీకు?" దీక్షితులు మండిపడ్డాడు. "ప్రభువులు చూడకుండా తీశారు, అందుకని అన్ని రకాలూ మిగిలాయి. నేను ప్రతిసారీ పెద్దవే ఏరేశాను. చిన్నవే మిగిలాయి, వాటికి చిన్నవే పుట్టా..."

ఆయన చూపు తన పైపంచె మూట మీద పడింది.

రాజుగారు మెల్లగా గోడ వైపు తిరిగారు. బారెడు, మూరెడు, జానెడు, బెత్తెడు.

"అయితే బయ్యన్నా," ఆయన గొంతు తగ్గింది, "నా అడవిలో దొంగ ఎవరు?"

బయ్యన్న లింగడి వైపు ఒకసారి చూశాడు. ఇక మాట మింగి లాభం లేదనుకున్నాడు.

"నేను చెప్పడమెందుకు ప్రభూ? నాలుగు తరాల దొంగలూ తమ పేర్లు వెండి పలకల మీద తామే చెక్కించుకున్నారు!"

సేనాపతి సగం కత్తి దూశాడు. రాజుగారు పలకల్ని చూశారు, తన చేతికంటిన నెయ్యి చూసుకున్నారు. ముందు మీసం కదిలింది, తర్వాత భుజాలు. ఆపైన సింహాసనం కిర్రుమనేలా పగలబడి నవ్వారు. సభంతా నవ్వింది, మూట దాచుకుంటున్న దీక్షితులు తప్ప.

"సంకెళ్ళు విప్పండి! ఇకమీదట పెద్ద కొమ్ముల దుప్పి జోలికి ఎవరూ పోకూడదు, నాతో సహా. బయ్యన్నా, ఈ కొమ్ములన్నీ నీ బడికే, పలకలతో సహా. దీక్షితులుగారూ, రేపటినుంచి మీరు కూడా ఆ బడికే. పిల్లలతో పాటు ముందు వరసలో కూర్చోండి."

చివరికి రాజుగారు తన పళ్ళెం తీసుకెళ్ళి లింగడి ముందు పెట్టారు.

"తీసుకోరా, నీకు నచ్చింది తీసుకో."

లింగడు కన్నీళ్ళు తుడుచుకున్నాడు. పళ్ళెంలోని నిమ్మకాయంత ఉండల్ని ఒకసారి ఆశగా చూశాడు. ఆ తర్వాత రెండు కళ్ళూ గట్టిగా మూసుకుని చెయ్యి చాచాడు.